తెగని రిబ్బను

పాటల వీడియోలు నేను చాలానే చూశాను. చూడాలనుకుని కాదు. మా దీవి రేవులో, ఓడ కోసం కాచుకునే గదిలో, నాకో చిన్న కొట్టుంది. బార్లీ టీ, అన్నం ముద్దలు, ఎండుచేప, వాంతి సంచులు అమ్ముతాను. బడి వదలగానే మినాగి వచ్చి నా బల్ల మీద మోచేతులు ఆనించి ఫోన్‌లో ఆ వీడియోలే చూస్తూ కూర్చునేది. "ఇది చూడు సుగి బామ్మా" అని ఫోన్ తెచ్చి నా ముక్కుకి ఆనించేది. రాక్ బ్యాండుల గురించి నాకున్న చదువంతా అలా వచ్చిందే.

అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పెచ్చులూడిన గోడల పాడు ఇల్లొకటి. అందులో నలుగురు కుర్రాళ్ళు. ఆ ఇంట్లో చీపురు పట్టినవాడు ఒక్కడూ లేడు. గిటార్లకు తీగలుంటాయి కానీ కరెంటు వైర్లుండవు. డ్రమ్ములు తీసుకెళ్ళి సముద్రపు ఇసుకలో పెడతారు. తెల్లగౌను తొడుక్కున్న పిల్ల ఒట్టి కాళ్ళతో పరుగెడుతూ ఉంటుంది. ఎవరి దగ్గర నుంచో, ఎవరి దగ్గరికో చెప్పరు. తర్వాత వాన పడుతుంది, అదీ పాడేవాడి మీద మాత్రమే. చివర్లో గిటారు విరుగుతుంది, లేకపోతే పిల్ల చచ్చిపోతుంది, లేకపోతే పైనుంచి ఈకలు రాలతాయి.

"ఈకలెందుకే?" అన్నాను ఒకసారి.

"ఫీలింగ్ బామ్మా."

"నేనింకా పైన ఎవరో కోడిని పీకుతున్నారనుకున్నాను."

"నీకు చెప్పడం నాదే బుద్ధితక్కువ" అని మినాగి ఫోన్ లాక్కునేది. రెండు నిమిషాలకి మళ్ళీ పెట్టేది.

నేను బడికి పోయింది తక్కువ. తమ్ముళ్ళని వీపున మోసే పని ఉండేది. చదవడం ఈ గదిలోనే నేర్చుకున్నాను, ప్రయాణికులు బెంచీల మీద మర్చిపోయిన పుస్తకాలతో. ఎక్కువగా ప్రేమకథలు. సముద్రపు తడికి చివరి పేజీలు అంటుకుపోయినవి కొన్ని, అసలు చివరి పేజీలే లేనివి కొన్ని. లేకపోయినా నష్టం లేదు. కథలో ఓడరేవు వచ్చిందంటే ఓడ కదిలే వేళకి ఎవడో ఒకడు పరుగెత్తుకుంటూ వస్తాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ రేవులోనే ఉన్నాను, అలా వచ్చినవాడిని ఒక్కడిని చూడలేదు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళు బెంచీ మీద మర్చిపోయిన గొడుగు కోసం వస్తారు.

మా దీవిలో హైస్కూలు లేదు. పదిహేనేళ్ళు నిండిన పిల్లలు మార్చి చివర్లో ఓడెక్కి అవతలి ఒడ్డుకి పోవలసిందే. ఆ రోజు ఊరంతా రంగు కాగితపు రిబ్బను చుట్టలు పట్టుకుని రేవుకొస్తుంది. చుట్ట మధ్య కన్నంలో చాప్‌స్టిక్ పుల్ల దూర్చి పట్టుకుంటాం, సులువుగా తిరగాలని. కొసలన్నీ పోయే పిల్ల చేతికిస్తాం. గాలికి జారిపోకుండా ఆ పిల్ల వాటిని మణికట్టుకి నాలుగైదు చుట్లు చుట్టుకుని పైడెక్కు మీద నిలబడుతుంది. ఓడ కదిలితే మా చేతుల్లో చుట్టలు గిరగిరా తిరుగుతాయి, అయిపోతాయి, కాగితం బిగుస్తుంది, తెగిపోతుంది. ఎవరూ ఎవరినీ వదలక్కర్లేదు. ఆ పనేదో కాగితమే చేసిపెడుతుంది. ఆ తర్వాత ఓడ, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ముక్కుకొండ దాటేదాకా ఎవరూ వెనక్కి తిరగరు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. తిరగరు, అంతే.

మా అన్న ఇసావో ఫ్యాక్టరీ పనికి పోయిన రోజున నేను నీలం చుట్ట పట్టుకున్నాను. చెమటకి రంగు దిగి అరచెయ్యంతా నీలమైంది. అమ్మ కడుక్కోమన్నా కడుక్కోలేదు. ఆయన మళ్ళీ దీవికి వచ్చింది బూడిదై, తెల్లగుడ్డ చుట్టిన చిన్న పెట్టెలో. ఓడలో పోయినవాళ్ళ లెక్క మొదలుపెడితే నాకు నిద్రపట్టదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఈ ఏడు పోవలసింది మినాగి ఒక్కతే. ఆ పిల్లకి నలుగురైదుగురు నేస్తాలు లేరు, తల్లి లేదు. తల్లి, మినాగికి నాలుగేళ్ళప్పుడు, ఇదే ఓడెక్కి పోయింది. ఉన్నదల్లా తండ్రి షిగెయో. రేవులో తాళ్ళ పని అతనిది. ఓడ రాగానే లావుపాటి తాడందుకుని ఇనపగుంజకి తగిలిస్తాడు, పోయేటప్పుడు తీసి నీళ్ళలోకి వదులుతాడు. పెళ్ళాం పోయిన రోజున కూడా ఆ తాడు తీసింది అతనే. తీసి, చుట్టలు సర్ది, చేతి తొడుగులు దులిపి, ఇంటికి పోయాడు. మాటలు అతని దగ్గర చాలా తక్కువ. ఎవరి వీడ్కోలులోనూ రిబ్బను పట్టుకోడు. అడిగితే చేతులు ఖాళీ లేవంటాడు.

మార్చి మొదట్లో మినాగి ఫోన్ పక్కన పెట్టి అడిగింది. "బామ్మా, నాన్న నా రిబ్బను పట్టుకుంటాడంటావా?"

"ఎందుకు పట్టుకోడే?"

"తాడు పనుంది అంటాడు."

"తాడు తీయడం ఎంతసేపు? తీశాక చేతులేం చేస్తాయి?"

"ఒక్కటి చాలు బామ్మా. ఊరంతా పట్టుకోకపోయినా ఫరవాలేదు. నాన్న ఒక్కటి పట్టుకుంటే చాలు."

నేను చూసుకుంటానని మాటిచ్చాను. పసుపు రంగు చుట్టొకటి కొని, పుల్ల దూర్చి, ఏప్రన్ జేబులో వేసుకున్నాను. అప్పటి నుంచి నాకు అన్నం సరిగా సహించలేదు.

అదిగో, ఆ సమయంలో దిగారు వాళ్ళు.

బ్యాండు పేరు "నిజి నో ఉరా". ఇంద్రధనుస్సు వెనకవైపు అని అర్థమట. వెనకవైపు ఏముంటుంది, వానుంటుంది. మినాగి గది గోడ మీద వాళ్ళ బొమ్మే ఉంది. పాడేవాడి పేరు రెంతో. జుట్టు సగం బూడిద, సగం నీలం. ఓడ దిగేటప్పుడు తన సంచి కూడా తను మోయలేదు. వాళ్ళని తీసుకొచ్చిన డైరెక్టరు కుగా. పీచు గడ్డం, నల్ల బట్టలు. మబ్బు పట్టిన రోజున కూడా నల్లకళ్ళజోడు తీయడు. ఆ కళ్ళజోడుతో నా కొట్టు గడప తన్నుకుని బోర్లా పడబోయాడు.

కాచుకునే గదిలో ఊరివాళ్ళని కూర్చోబెట్టి కుగా ఉపన్యాసం ఇచ్చాడు.

"రేవులో వీడ్కోలు మ్యూజిక్ వీడియోల్లో ఎన్ని వందలసార్లు వచ్చిందో! రిబ్బన్లు, కన్నీళ్ళు, చెయ్యి ఊపడం, చివర్లో ఒకడు పరుగెత్తడం. మేం కూడా రేవే తీస్తాం. ఓడా ఉంటుంది, రిబ్బనూ ఉంటుంది. కానీ విరగ్గొడతాం."

నా పక్కన కూర్చున్న ఎండుచేపల మసు కంగారుపడింది. "ఏం విరగ్గొడతావు నాయనా? రేవు మెట్లు ఇప్పటికే రెండు విరిగున్నాయి."

"మెట్లు కాదమ్మా, పద్ధతి. పద్ధతిని విరగ్గొడతాం. ఎవరూ ఏడవరు. ఎవరూ చెయ్యి ఊపరు. ఓడ కదలగానే మీరందరూ ఓడకి వీపు పెట్టి నిలబడతారు. రెంతో ఒక్కడే ఓడవైపు చూసి పాడతాడు."

"అంటే మేం గోడలమన్నమాట" అన్నాను.

"ఆహా! గోడ! బామ్మగారు ఎంత బాగా అందుకున్నారో చూడండి" అని కుగా చప్పట్లు కొట్టాడు. తిట్టుని కూడా పనికి తెచ్చుకునే మనిషిని నేనదే మొదటిసారి చూడటం.

"రిబ్బన్లు ఎవరు పట్టుకుంటారు మరి?" అని మసు.

"ఎవరూ పట్టుకోరు. మనిషి పట్టుకోవడం పాతబడిపోయింది. ఇనుము పట్టుకుంటుంది. అక్కడ తుప్పుపట్టిన పాత గుంజొకటి ఉంది చూశారా, ఎంత అందంగా ఉందో! రిబ్బను దానికి కడతాం. రెండో కొస ఓడ మీద, వెళ్ళిపోయే ఈ అమ్మాయి చేతికి."

ఆ గుంజకి మా చిన్నతనం నుంచి ఎవరూ పడవ కట్టలేదు. కుక్కలకి మాత్రం దానితో పని ఉంది. అందం అక్కడ కనబడింది మహానుభావుడికి.

దీవి పేరు పదిమందికీ తెలుస్తుందని ఊరి పెద్ద సరేనన్నాడు. ఇంక ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పలేకపోవడానికి ఇంకో కారణం మినాగి. తను గోడమీద అంటించుకున్న మనుషులు తన కోసం వచ్చారని ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. అయినా ఒక మాట అడిగింది, చెయ్యి సగం ఎత్తి, బడిలో అడిగినట్టు.

"మా నాన్న పట్టుకోవచ్చా? ఒక్కటి?"

కుగా ఆమె వైపు కాకుండా షిగెయో వైపు చూశాడు. తలుపు దగ్గర తొడుగులు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఆ ఎండిన మొహం వాడికి నచ్చేసింది. "ఈయనా నాన్న? అద్భుతం. నాన్న అందరికంటే ముందు నిలబడతాడు. వీపు పెట్టి. పట్టుకోవడం కంటే అది ఎక్కువ తగుల్తుందమ్మా. ఏమండీ, మీకు అభ్యంతరమా?"

"లేదు" అన్నాడు షిగెయో. ఆలోచించకుండా, వెంటనే.

మినాగి చెయ్యి దించుకుంది. నవ్వుతూనే ఉంది, పెదాలతో.

నాకు ఆ సాయంత్రం కొట్టులో నిలవబుద్ధి కాలేదు. తాళ్ళ షెడ్డుకి పోయాను. షిగెయో కొత్త తాడు కొసకి, గుంజకి తగిలించే కన్ను అల్లుతున్నాడు.

"వెంటనే లేదన్నావే, కాస్త గుక్క తిప్పుకోకుండా?"

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమైందా? పిల్ల నిన్ను రిబ్బను పట్టుకోమంటే, ఆ పీచు గడ్డం వాడు వీపు పెట్టమంటే, వాడి మాటకి ఊకొట్టావు."

"బ్యాండంటే దానికిష్టం. వాళ్ళు చెప్పినట్టు చేస్తే సంతోషిస్తుంది."

"దాని మొహం చూసి చెప్పు ఆ మాట."

అల్లడం ఆపాడు. తాడు పాయలు వేళ్ళతో విడదీశాడు. "వీపు పెడితే నా మొహం ఎవరికీ కనబడదు కదా పెద్దమ్మా" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. పద్ధతిని విరగ్గొట్టడమేమో గానీ, ఆ కుగా ఈ మూగవాడికి దాక్కోవడానికి చోటు చూపించాడు. పదకొండేళ్ళుగా తాడు వెనక దాక్కున్నవాడు. ఇప్పుడు దాక్కుంటే కళ అంటారు, మెచ్చుకుంటారు.

జేబులోంచి పసుపు చుట్ట తీసి చూపించాను. "తాడు తీశాక చటుక్కున ఓడవైపు తిరుగు. ఇది నీ చేతిలో పెడతాను. కొస దానికి నేనే ఇస్తాను. కెమెరా పాడైపోతే పోనీ."

"వద్దు పెద్దమ్మా."

"ఎందుకు వద్దు?"

"ఏడుస్తాను" అన్నాడు షిగెయో, ఎవరికో జ్వరం వచ్చిందని చెప్పినట్టు. మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు.

బయల్దేరే రోజు ఉదయం రేవు రేవులా లేదు. డ్రమ్ములు, పొగ తోలే యంత్రం, నేలంతా వైర్లు, మేం నిలబడాల్సిన చోట సుద్దతో గీసిన గుర్తులు. రెంతోకి ఎవరో జుట్టు చిందరవందర చేస్తున్నారు, దువ్వెనతో. దువ్వెనతో జుట్టు చెరపడం చూసి మసు నోరు తెరిచింది. "మా మనవడికి ఉచితంగా చేస్తుంది గాలి" అంది.

రిబ్బన్లు చూశాను. కాగితానివి కావు. కానుకల పెట్టెలకి కడతారే, ఆ రకం వెండి రంగు రిబ్బను. నీళ్ళలో కరిగిపోయే కాగితమే వాడాలని రేవులో నిబంధన ఉంది. రేవు ఆఫీసులో కాగితం చుట్టలే చూపించారట. తీరా పొద్దున్నే, కాగితం కెమెరాకి ఆనదని ఇవి తీశారు. చూడాల్సిన గుమాస్తా రెంతో సంతకం కోసం వరసలో ఉన్నాడు. వెండి రిబ్బన్లు నాలుగైదు కలిపి మెలితిప్పి జడలా చేశారు. ఆ జడని గుంజ పక్కన పెద్ద కుప్పగా పోసి, ఒక కొస తుప్పు గుంజకి ముడేశారు. రెండో కొస పైకి, మినాగికి అందించారు.

మేమందరం దాన్ని వేళ్ళతో తాకి చూశాం. ఎంత దరిద్రంగా ఉందో అనుకున్నాం. అంతే అనుకున్నాం. దీవిలో పుట్టినవాళ్ళకి రిబ్బను అంటే తెగేదే. తెగని రిబ్బను ఉంటుందని ఎవరి తలకీ తట్టదు. డెక్కు మీద మినాగికి అసలే తట్టలేదు. చిన్నప్పటి నుంచి చూసినట్టే కొసని మణికట్టుకి చుట్టుకుంది, గట్టిగా, నాలుగైదు చుట్లు.

మినాగి మెట్లెక్కే ముందు నేను పసుపు కొస దాని చేతిలో పెట్టబోయాను. ఎక్కడి నుంచి చూశాడో కుగా అరిచాడు. "బామ్మగారూ, పసుపొద్దు! ఫ్రేము పాడవుతుంది!"

"నీ ఫ్రేము తగలెయ్య" అన్నాను, పైకే.

"ఫరవాలేదు బామ్మా" అంది మినాగి. తండ్రి వైపు చూసింది. షిగెయో తాడు దగ్గర వంగి ఉన్నాడు. "నాన్నా, పోతున్నా" అంది. "ఊఁ. అన్నం తిను" అన్నాడతను తాడుతో. పిల్ల ఇంకొంచెం నిలబడి, పైకెక్కింది.

కూత వేసింది ఓడ. రేవు లౌడ్‌స్పీకర్లో మామూలుగా వేసే వీడ్కోలు పాట ఆ రోజు వేయలేదు. దాని బదులు రెంతో పాట. మొత్తం పాటలో నాకర్థమైన మాట "జీరో" ఒక్కటే. జీరో, జీరో అని గుండెలు బాదుకుంటున్నాడు. షిగెయో తాడు ఎత్తి గుంజ నుంచి తీసి నీళ్ళలోకి వదిలాడు. వచ్చి తన సుద్ద గుర్తు మీద నిలబడ్డాడు, ఓడకి వీపు పెట్టి. కళ్ళు మూసుకున్నాడు.

అందరూ తిరిగారు. ముక్కుకొండ దాటకుండా వెనక్కి తిరగని మనుషులు, వాళ్ళ తాతల కాలం నుంచి తిరగని మనుషులు, నల్లకళ్ళజోడు వాడు చేత్తో సైగ చేయగానే తిరిగారు. నాకు మెడ పట్టేసిందని ముందే చెప్పి వారగా నిలబడ్డాను. వారగా ఉంటే ఓడ కనబడుతుంది.

ఓడ మెల్లగా ఒడ్డు విడిచింది. కుప్పలోంచి వెండి జడ పాములా లేచి పోతోంది. మినాగి ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, వరసగా నిలబడ్డ మా వీపుల్ని చూస్తోంది. ఒక్కొక్క వీపునీ చూస్తోంది. చివరికి ఒక వీపు దగ్గర ఆగింది. నేను ఆ పిల్ల మొహం చూడలేక కుప్ప వైపు చూశాను. కుప్ప సగమైంది. పావు వంతైంది. అయిపోగానే బిగుస్తుంది, బిగుస్తే తెగుతుంది అనుకున్నాను. అప్పుడు నా వేళ్ళకి గుర్తొచ్చింది, పొద్దున తాకిన మెలిక. ముడి ఇనపగుంజకి. చుట్లు మణికట్టుకి. మధ్యలో తెగే కాగితం లేదు.

నా గొంతులోంచి అంత అరుపు వస్తుందని నాకు తెలీదు. "షిగెయో! తాడు! తాడు బిగుస్తోంది!"

కూతురు పేరు పిలిచి ఉంటే తిరిగేవాడో లేదో. తాడు అంటే తిరిగాడు. కుప్పని చూశాడు, గుంజని చూశాడు, పైకి చూశాడు. నడుం నుంచి కత్తి తీసి రెండంగల్లో గుంజ దగ్గరున్నాడు. ఎడమచేత్తో జడని ఒడిసి పట్టి, ముడి దగ్గర ఒక్క కోత కోశాడు.

కోసి వదిలేస్తే సరిపోయేది. పిల్లకి ఏ అపాయమూ ఉండేది కాదు. వదల్లేదు. కోసిన కొసని పిడికిట్లో బిగించుకుని పరుగు మొదలుపెట్టాడు, ఓడతో పాటు, రేవు వెంట. రబ్బరు బూట్లతో, టపాటపా. వైర్ల మీదుగా దూకాడు. పొగ యంత్రం కాలికి తగిలి బోర్లాపడి ఆకాశంలోకి కాకుండా రెంతో ప్యాంటులోకి పొగ తోలింది. డ్రమ్ముల్లోని ఇత్తడి పళ్ళెం ఒకటి దొర్లుకుంటూ పోయి సముద్రంలో పడింది.

"కట్! కట్!" కుగా గడ్డం ఎగిరిపడుతోంది. "ఆయన్ని ఎవరు పరుగెత్తమన్నారు? ప్రతి వీడియోలోనూ ఉండేదే ఇది! సరిగ్గా ఇదే వద్దన్నాను!"

అప్పటికి ఊరంతా ఓడవైపు తిరిగింది. ఎవరూ వాడి మాట వినే స్థితిలో లేరు. మసు నా భుజం పట్టుకుని కుదిపేస్తోంది. "ఏడుస్తున్నాడే సుగీ, వాడు ఏడుస్తున్నాడే!" అంది. నిజంగానే ఏడుస్తున్నాడు. పుస్తకాల్లో రాసినట్టు ఒక చుక్క కాదు. నోరు తెరిచి, ముక్కు కారుతూ, పసిపిల్లాడిలా.

"నాన్నా!" మినాగి కమ్మీ మీదకి వంగింది. "నాన్నా, పడతావ్! వదిలెయ్!"

రేవు చివర ఎర్ర దీపస్తంభం దగ్గర షిగెయో ఆగాడు. అక్కడి నుంచి నీళ్ళే. మడమలు తన్నిపెట్టి, చెయ్యి చాచి నిలబడ్డాడు. జడ అతనికీ పిల్లకీ మధ్య నీళ్ళ మీద వేలాడుతోంది, ఇంకా బిగుసుకోలేదు.

"వదులు నాన్నా!"

"నేను వదల్ను!" అన్నాడు. ఆ మనిషి గొంతు అంత పెద్దదని ఊళ్ళో ఎవరికీ తెలీదు. "నువ్వు వదులు! నువ్వు పోయేదానివి, నువ్వే వదులు!"

మినాగి మణికట్టు చుట్లు ఒక్కొక్కటే విప్పింది. విప్పాక కొసని రెండు చేతులతో ఇంకాస్తసేపు పట్టుకుంది. తర్వాత చేతులు పైకెత్తి విడిచింది. వెండి రిబ్బను గాలిలో ఒకసారి మెరిసి నీళ్ళలో పడింది.

షిగెయో దాన్ని లాగాడు, తాడు లాగినట్టు, చెయ్యి మీద చెయ్యేసి. మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్ట చుట్టాడు. చుడుతూనే ఓడని చూస్తున్నాడు. ఓడ ముక్కుకొండ దాటేదాకా అక్కడి నుంచి కదల్లేదు. మేమూ కదల్లేదు.

అతను తిరిగొచ్చేసరికి కుగా ఎదురెళ్ళాడు. నేనూ పోయాను.

"పిల్ల మణికట్టు లాక్కుపోయేదయ్యా! కళ్ళజోడు తీసి చూడు, ఏం కట్టావో!"

తీశాడు. కళ్ళు చిన్నవి, ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేనట్టు. "అయ్యో" అన్నాడు. "నిజంగా తెలీదు బామ్మగారూ. రిబ్బనే కదా అనుకున్నాను." ఒక నిమిషం మనిషిలాగే ఉన్నాడు. తర్వాత కళ్ళజోడు పెట్టేసుకున్నాడు. "కానీ ఆ పరుగు మాత్రం వాడుకోలేం. మరీ మామూలుగా ఉంది. ఇంకో టేక్ తీద్దామంటే..."

"ఓడని వెనక్కి పిలవమంటావా?"

"వీపులు మాత్రం తీస్తాం. ఆ రిబ్బను ఇప్పించండి, క్లోజప్ ఉంది."

షిగెయో తడి చుట్టని భుజానికి తగిలించుకున్నాడు. "ఇవ్వను."

"అది మా సామానండి."

"ఓడకి కట్టింది ఏదైనా తాడే" అన్నాడు షిగెయో. "ఈ రేవులో తాళ్ళు నావి." షెడ్డు వైపు నడిచాడు.

సాయంత్రం ఓడ లేని సముద్రానికి వీపు పెట్టించి ఊరివాళ్ళని మళ్ళీ తీశారట. నేను పోలేదు. మసు పోయింది. భోజనం పొట్లం ఇచ్చారని, అందులో రొయ్య చిన్నదని చెప్పింది.

వీడియో వానాకాలంలో వచ్చింది. కాచుకునే గదిలో టీవీకి తగిలించి అందరం చూశాం. మొదటే పెచ్చులూడిన పాడు ఇల్లు. మా పాత బడి గిడ్డంగి అది, తలుపు మీద పిల్లలు గీసిన బొమ్మల్ని కూడా చెరిపేశారు. తర్వాత తెల్లగౌను పిల్ల. మినాగి కాదు, నగరం నుంచి తెచ్చిన పిల్ల. ఒట్టి కాళ్ళతో పరుగు. గిటార్లకు వైర్లు లేవు. మా వీపులు వచ్చాయి, వరసగా. మసు తన వీపు చూసుకుని "ఇంత లావున్నానా?" అని ఏడుపు మొహం పెట్టింది. మినాగి మణికట్టు ఒక్క క్షణం కనబడింది, చుట్లతో. చివర్లో ఈకలు రాలాయి. కోడి ఈకలే. మా దీవి నిండా సముద్రపక్షులుండగా ఈకలు పెట్టెలో తెచ్చుకున్నారు. దీవి పేరు ఎక్కడా లేదు.

కింద జనం రాసిన మాటలు మసు మనవడు చదివి వినిపించాడు. ఇలాంటి వీడ్కోలు ఇంతవరకు ఎవరూ తీయలేదట. కన్నీళ్ళు లేకపోవడమే కన్నీళ్ళు తెప్పించిందట. వీపులు మాట్లాడాయట. నా వీపు అందులో లేదు కాబట్టి ఏం మాట్లాడాయో నాకు తెలీదు.

ఆ మధ్యాహ్నం హాస్టల్ నుంచి మినాగి ఫోన్ చేసింది. "బామ్మా, చూశావా? మణికట్టు తప్ప నేను లేనే లేను!" అని పగలబడి నవ్వింది. "వెంట తెచ్చుకున్న వాళ్ళ బొమ్మ చింపేశాను. హాస్టల్ గోడకి మేకులు కొట్టనివ్వరు, అది వేరే సంగతి." తర్వాత గొంతు తగ్గించింది. "నాన్న పరుగు అందులో పెట్టలేదు కదా వాళ్ళు?"

"పెట్టలేదు. మామూలుగా ఉందట."

"మంచిదైంది" అంది. "అది వాళ్ళకెందుకు?"

ఓడ వేళైంది. షిగెయో తొడుగులు తొడుక్కుంటూ నా బల్ల ముందు ఆగాడు. అతను టీవీ వైపు రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు అంతసేపూ.

"నేనెక్కడా కనబడలేదు కదా పెద్దమ్మా?"

"లేవు. నీ వీపు కూడా లేదు."

"ఊఁ." వెళ్ళబోయి మళ్ళీ తిరిగాడు. "ఆ పసుపు చుట్ట ఉందా, పారేశావా?"

ఏప్రన్ జేబు తట్టి చూపించాను. పుల్లతో సహా ఉంది.

"ఉంచు. ఆగస్టు సెలవులకి వస్తోంది. మళ్ళీ పోతుందిగా."

సెలవులకి వచ్చి పోయేవాళ్ళకి మా రేవులో ఎవరూ రిబ్బన్లు పట్టరు. అది అతనికీ తెలుసు. ఓడ కూత వేసింది, అతను తాడందుకోవడానికి పోయాడు.